మెరక వేశాక ఎండిన మామిడి: శ్రీకాకుళంలో ఒక ఇంటి తోట కేస్ స్టడీ

2023 ఆగస్టులో నాకు వచ్చిన ఫిర్యాదు లాను గురించి. శ్రీకాకుళం ఊరి చివర, నాగావళికి మరీ దూరం కాని ఇల్లు. మొత్తం 12 సెంట్ల స్థలం. ఇల్లు పోను ముందువైపు రెండు సెంట్ల లాను, దాని పక్కన ముప్పై ఏళ్ళు దాటిన సువర్ణరేఖ మామిడి, ప్రహరీ మూల ఒక వేప, వెనక నాలుగు కొబ్బరిచెట్లు. ఇంటాయన రిటైరైన హైస్కూలు టీచరు. వీధిలో అందరూ మాస్టారనే పిలుస్తారు, నేనూ అంతే. "గడ్డి మచ్చలు మచ్చలుగా పోతోందండీ. యూరియా చల్లితే వారం రోజులు పచ్చగా ఉంటోంది, మళ్ళీ మామూలే. ఏదైనా మంచి మందు రాసివ్వండి" అన్నారు.

మామిడి ఊసు ఆయన ఎత్తలేదు. గేటు తీయగానే నా కళ్ళు పడింది మాత్రం దాని మీదే. పైకొమ్మల చివర్లు ఆకు రాలి ఎండిపోయాయి. ఉన్న ఆకు కూడా చిన్నది, పాలిపోయి ఉంది. వాళ్ళమ్మగారు అరుగు మీద కూర్చుని నన్నే చూస్తున్నారు. "మా మావగారు ఏసిన సెట్టు నాయినా. సూసి సెప్పు, ఉంటాదా పోతాదా?" అన్నారు. ఆ ఇంట్లో సరైన ప్రశ్న అడిగింది ఆవిడే.

ఈ కేసు రాయడానికి కారణం ఒకటే. చెట్టూ గడ్డీ ఒకే మట్టిలో ఉన్నప్పుడు మనవాళ్ళు గడ్డిని చూసి నీళ్ళు పెడతారు, గడ్డిని చూసి ఎరువు వేస్తారు, నేలను కూడా గడ్డి కోసమే చదును చేయిస్తారు. పోయినా పదిహేను రోజుల్లో మళ్ళీ పరుచుకోగలిగేది గడ్డి. ముప్పై ఏళ్ళ మామిడిని ఏ నర్సరీ నుంచీ తెచ్చుకోలేం. ముందు చెట్టు సంగతి తేల్చుకుని, దానికి ఇబ్బంది లేనంత మేరకే లాను పెట్టుకోవాలి.

నేల చరిత్ర

2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నానికి ఉత్తరంగా తీరం దాటింది. ఆ వానకి ఈ పెరట్లో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయట. ఇది ఈ ఒక్క ఇంటి బాధ కాదు. వీధిలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్త పొర పోస్తారు. రోడ్డు పైకి లేస్తుంది, పాత ఇళ్ళు పల్లంలో పడతాయి. తర్వాతి వేసవిలో మాస్టారు ట్రాక్టర్లతో ఎర్ర గ్రావెల్ తోలించి స్థలమంతా రెండడుగులు మెరక చేయించారు. మళ్ళీ కుంగకూడదని రోలర్‌తో తొక్కించారు. దానిమీద నాలుగంగుళాల ఎర్రమట్టి పోసి మెక్సికన్ గ్రాస్ పలకలు పరిపించారు. చెట్ల చుట్టూ ఏం చేయాలో మెరక వేసినవాళ్ళని అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. గ్రావెల్ చెట్ల మొదళ్ళకి ఆనించి పోసేశారు.

ఏ చెట్టుకైనా నేలలోకి దిగేచోట మొదలు వెడల్పవుతుంది. పెద్దవేర్లు పుట్టే ఉబ్బు పైకి కనిపిస్తుంది. ఈ మామిడి కరెంటు స్తంభం పాతినట్టు నిటారుగా మట్టిలోకి దిగిపోయింది. మెరక వేసిన ఇంట్లో చెట్టు దిగులుగా కనిపిస్తే నేను మొదట చూసే గుర్తు ఇదే.

బొరిగెతో మొదలు పక్కన నెమ్మదిగా తవ్వించాను. మాతో వచ్చిన కుర్రాడు నాలుగు పోట్లు వేసి ఆగిపోయాడు. "ఇది మట్టేటి సారూ, రోడ్డు తొక్కినట్టు తొక్కీసినారు" అన్నాడు. అడుగు లోతు దాటేసరికి బెరడు నల్లబడి ఉంది. గోరు గుచ్చితే దిగేంత మెత్తగా ఉంది, పుల్లటి కుళ్ళు వాసన కొట్టింది. పూడిపోయిన కాండం నుంచి సన్నటి కొత్తవేర్లు గ్రావెల్‌లోకి పాకడానికి చూస్తున్నాయి. వాటిలో రెండు కాండాన్నే చుట్టుకుని లావెక్కుతున్నాయి. అసలు పాత నేల ఇంకో అడుగు కింద ఉంది.

మామిడి వేర్లు పాతాళానికి వెళ్తాయన్న ధీమా చాలామందికి ఉంటుంది. తల్లివేరు లోతుకి వెళ్తుంది, నిజమే. కానీ నీళ్ళూ పోషకాలూ తీసుకునే పీచువేర్లలో ఎక్కువ భాగం పైన అడుగు, అడుగున్నర మట్టిలోనే ఉంటాయి. వాటికి నీటితో పాటు గాలి కూడా కావాలి. రెండడుగుల గ్రావెల్ కింద ఆ గాలి ఆగిపోయింది. దానిమీద రోజూ సాయంత్రం స్ప్రింక్లర్. ఊపిరాడని వేరుకి పైనుంచి నీళ్ళు. ఇలా పూడిన చెట్టు ఆ ఏడాదే పడిపోదు. ఒంట్లో దాచుకున్న సత్తువతో ఏడాదో రెండేళ్ళో నెట్టుకొస్తుంది. అందుకే ఎండడం మొదలయ్యేసరికి మెరక వేసిన సంగతి ఎవరికీ గుర్తుకు రాదు, పురుగో తెగులో అనుకుంటారు. కొబ్బరి సంగతి వేరు. దాని మొదలు నుంచి కొత్తవేర్లు పుట్టుకొస్తూనే ఉంటాయి కాబట్టి కొంత మట్టి మీద పడినా తట్టుకుంటుంది.

లాను విషయానికొస్తే, పొడవాటి స్క్రూడ్రైవర్ తీసుకుని నాలుగైదు చోట్ల గుచ్చి చూశాను. నాలుగంగుళాల దగ్గర టక్కున ఆగింది. అడుగు గుంట తీసి నీళ్ళు నింపితే మర్నాడు పొద్దున్నకి కూడా సగం నీళ్ళు అలాగే ఉన్నాయి. వానాకాలంలో ఈ గడ్డి పళ్ళెంలో ఉన్నట్టే లెక్క. మచ్చల్లో ఎక్కువ భాగం పల్లపు చోట్లే ఉన్నాయి. వేప దగ్గర మచ్చ ఒక్కటీ మాత్రం వేరే రకం. అక్కడ గడ్డిని చేత్తో లాగితే వేర్లు లేకుండా ఊడొచ్చింది. కింద తెల్లగా, వంకర తిరిగిన వేరుపురుగులు. పొద్దున్నే గోరింకలు ఆ చోటే పొడుస్తున్నాయని అమ్మగారు చెప్పారు. తొలకరికి పెంకు పురుగులు నేలలోంచి లేచి రాత్రిళ్ళు వేపాకు తింటాయి, ఆ చుట్టుపక్కల మట్టిలోనే గుడ్లు పెడతాయి. వేప పక్కన మచ్చ పడడంలో వింత లేదు.

మామిడి నీడలో గడ్డి పలచబడడానికి ఏ జబ్బూ కారణం కాదు. అక్కడ రోజుకి రెండు గంటల ఎండ కూడా పడదు. మెక్సికన్ గ్రాస్ అయినా గరిక జాతులైనా తిన్నగా ఎండ లేకపోతే నిలవవు. తుంగ మాత్రం అన్నిచోట్లా ఉంది. అది గ్రావెల్, మట్టి వెంట గడ్డల రూపంలో వచ్చిన అతిథి.

ఆ ఇంటి పద్ధతి ఏమిటంటే

చలికాలం చివర కాస్త తగ్గించడం తప్ప, ఏడాది పొడుగునా రోజూ సాయంత్రం అరగంట స్ప్రింక్లర్. నెలకి రెండు కిలోల యూరియా. రెండు సెంట్లంటే 80 చదరపు మీటర్లు. చదరపు మీటరుకి పది గ్రాములకి మించకూడదన్నది లెక్క, అంటే ఎనిమిది వందల గ్రాములు. అదీ గడ్డి బాగా పెరిగే నెలల్లోనే. కోత మిషన్ బ్లేడు అట్టడుగుకి దించి నున్నగా కొట్టడం. "నున్నగా ఉంటేనే కదండీ అందం" అని మాలి వాదన. చెట్లు కొట్టించేది ఏప్రిల్‌లో, కూలీలు ఖాళీగా దొరుకుతారని. కొబ్బరాకులు దసరా ముందు, పందిళ్ళకీ ఈనె చీపుళ్ళకీ పనికొస్తాయని.

వీటిలో గడ్డికి చేసే మేలు చెట్టుకి కీడయ్యేది స్ప్రింక్లర్. మామిడికి అక్టోబరు దాటాక పూత వచ్చేదాకా నీళ్ళు తగ్గాలి. నేల కాస్త ఆరి, చలి తగిలితేనే కొమ్మ పూతకి తిరుగుతుంది. నవంబరు, డిసెంబరుల్లో లాను కోసం రోజూ తడిపితే చిగురు వేస్తుంది, పూత వేయదు. "గత రెండేళ్ళుగా ఎందుకో కాపు లేదు" అని మాస్టారు తర్వాత చెప్పారు. పిందె బఠాణీ గింజంత అయ్యాక నీళ్ళు పెట్టాలి. అప్పుడేమో, చలికాలం చివర గడ్డి పెరగట్లేదని నీళ్ళు తగ్గించేవారట.

అక్టోబరు నుంచి వెనక్కి

చెట్ల నరుకుడు విషయంలో మా జిల్లాకి ఒక ప్రత్యేకత ఉంది. పెద్ద తుపాన్లే చూడండి: ఫైలిన్ 2013 అక్టోబరు 12న ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖలో, తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస వైపు, గులాబ్ 2021 సెప్టెంబరు 26న తీరం దాటాయి. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు ఎలా నేలకొరిగాయో చూసినవాళ్ళెవరూ మర్చిపోరు. శ్రీకాకుళం, విజయనగరాల్లో ఇంటి తోట ఉన్నవాళ్ళు ఉగాది నుంచి కాకుండా అక్టోబరు నుంచి వెనక్కి లెక్క వేసుకోవాలి. సెప్టెంబరు రెండో వారానికి చెట్టు మీద పని ఏదీ మిగలకూడదు. మామిడికైతే కాయ దిగిపోయాక జూన్, జూలైల్లో కొమ్మలు సరిచేస్తే గాలి రోజులు వచ్చేసరికి చిగురు ముదిరి ఉంటుంది. ఏప్రిల్‌లో ఆకు తీసేస్తే రోహిణి కార్తె ఎండ నేరుగా బెరడు మీద పడి పగుళ్ళిస్తుంది.

ఎప్పుడు కొట్టాలన్నది ఒక ఎత్తు, ఎలా కొట్టాలన్నది ఇంకో ఎత్తు. తుపానుకి పడిపోతుందన్న భయంతో చెట్టుని బోడి కొట్టించడం మా ఊళ్ళలో మామూలు. ఆ కొట్టిన మోడు నుంచి పది రెమ్మలు ఒకేచోట నిలువుగా లేస్తాయి. అవి బెరడుకి అంటుకుని ఉంటాయే తప్ప కలపలోకి పాతుకుని ఉండవు. రెండు మూడేళ్ళలో లావెక్కి, గాలికి ముందు చీలిపోయేవి అవే. బోడి కొట్టిన చెట్టు తుపానుకి మరింత ప్రమాదం. చేయాల్సింది గాలి దారి విప్పడం: ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలు, ఎండినవి, ఇంటి కప్పు మీదికి వాలినవి, అవి పుట్టినచోటి నుంచే తీయాలి. ఒక్క విడతలో మొత్తం ఆకులో నాలుగో వంతు దాటకూడదు. బరువు కొమ్మని ముందు కింద నుంచి గాటు పెట్టి, కాస్త ముందుకి జరిగి పైనుంచి కోసి, మిగిలిన ముక్కని కొమ్మ మొదట్లో ఉండే ఉబ్బుకి బయటగా తీయాలి. ఆ ఉబ్బుని చెక్కేస్తే గాయం మూసుకోదు. మోడు వదిలేస్తే కుళ్ళు దిగుతుంది.

ఈ మామిడికి మొదట్లో అదీ చేయలేదు. వేరు దెబ్బతిన్న చెట్టుకి ఉన్న ఆకే ఆస్తి. ఎండిన కొమ్మలు తప్ప పచ్చిది ఒక్కటీ ముట్టుకోనివ్వలేదు. "సగం కొట్టేస్తే చిగురు బాగా వస్తుందంటారు కదా" అని మాస్టారు రెండు మూడుసార్లు అడిగారు. ఆరోగ్యంగా ఉన్న చెట్టుకి ఆ మాట కొంతవరకు చెల్లుతుంది, దీనికి చెల్లదు.

చేసిన పని

మొదట స్ప్రింక్లర్ కట్టేయించాం. ఆ తర్వాత వాన తెరిపిచ్చినప్పుడు మొదలు చుట్టూ రెండడుగుల మేర గ్రావెల్ తీసి, కాండాన్ని పాత నేల దాకా బయటపెట్టాం. గునపం వద్దన్నాను. ఒక్క పోటు తప్పితే ఉన్న వేరు కూడా పోతుంది. బొరిగెలూ చేతులే. కాండాన్ని చుట్టుకున్న రెండు వేర్లూ కోసేశాం. కుళ్ళిన బెరడుని పచ్చి భాగం వచ్చేదాకా గీకి, ఆరనిచ్చి, కుళ్ళు పాకకుండా బోర్డో పేస్టు పూశాం.

బోర్డో పేస్టు ఇంట్లో చేసుకోవచ్చు. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 100 గ్రాములు అర లీటరు నీళ్ళలో, సున్నం 100 గ్రాములు ఇంకో అర లీటరులో విడివిడిగా కరిగించి కలపాలి. ఇనప బకెట్ పనికిరాదు, ప్లాస్టిక్‌దే వాడాలి. కలిపాక తోమిన కొడవలి మొన ముంచి చూడాలి. మీద ఎర్రటి రాగి పొర పడితే ఇంకాస్త సున్నం కలపాలి. ఏ రోజుది ఆ రోజే వాడెయ్యాలి. శుభ్రంగా కోసిన గాయానికి ఏ పూతా అక్కర్లేదని కొందరంటారు. పొడి దేశాల్లో అది సరే. మా తడికి, అందులోనూ జిగురు కారే మామిడికి, నేను పూస్తాను.

డిసెంబరులో వానలు పూర్తిగా వెనక్కి తగ్గాక ఆ గుంటని అయిదడుగుల వరకు పెద్దది చేసి, అంచుకి సిమెంటు లేకుండా రాళ్ళు పేర్పించాం. సిమెంటు పెడితే గాలి మళ్ళీ ఆగుతుంది. చిక్కు నీళ్ళ దగ్గర వచ్చింది. పాత నేల రోడ్డు కన్నా పల్లం, అందుకే కదా అసలు మెరక వేసింది. గుంట అడుగు నుంచి ముందువైపు డ్రైనుకి వాలు లేదు. చివరికి ఇంటి పక్క నుంచి వెనకవైపు పాత పొలం బోదెలోకి నాలుగంగుళాల పైపు దించాం. అది లేకుండా గుంట తవ్వి వదిలేస్తే చెట్టుని కుండీలో ముంచినట్టే అయ్యేది. గుంట అంచు నుంచి కొమ్మల చివరి దాకా నాలుగు వైపులా జానెడు వెడల్పు కాలువలు పాత నేల తగిలేంత లోతుగా తీయించి, ముతక ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి నింపాం. గాలి కిందికి దిగే దారులు అవే. కొమ్మల నీడ పడే చోటంతా గడ్డి పీకేసి ఎండాకు, కొబ్బరి డొక్కలు పరిచాం. లాను మూడో వంతు తగ్గింది. మాస్టారికి మొదట్లో ఇది మింగుడు పడలేదు. తర్వాత వాళ్ళావిడ ఆ నీడలో స్పైడర్ లిల్లీలు పెట్టారు.

వేపని కొట్టించేద్దామన్న ఆలోచన కూడా ఉంది. వానాకాలం చివర రెమ్మల చివర్లు మాడి గోధుమరంగుకి తిరుగుతున్నాయి. ఇది ఫోమాప్సిస్ శిలీంధ్రం, రసం పీల్చే టీ దోమ కలిసి చేసే పని. 2021 నుంచి తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా చూశాం. చూడ్డానికి చచ్చిన చెట్టులా ఉన్నా చాలావరకు వేసవి మొదట్లో చిగురిస్తాయి. ఆగమన్నాను. మార్చిలో చిగురించింది.

కొబ్బరి నాలుగింటిలో మూడు ఫర్వాలేదు. ఆరోగ్యమైన చెట్టుకి 30 నుంచి 35 ఆకులుండాలి. వీటికి పదిహేను దాటలేదు, దసరా కోతల పుణ్యం. ప్రతి ఆకు సందులోంచే ఒక గెల వస్తుంది. పచ్చి ఆకు తీస్తే ఆ గెల బలం తగ్గుతుంది. తుపాను ముందు దింపాల్సింది ఎండిన మట్టలూ, ముదిరిన కాయలూ. గాలికి కాయ ఎగిరి తగిలితే కారు అద్దం ఒక లెక్కా? మొవ్వులో కొమ్ము పురుగు కొట్టిన త్రికోణపు కోతలు కనిపించాయి. పురుగు పుట్టేది పక్కనే ఉన్న పెంటకుప్పలో. దాన్ని ఎత్తించి, మొవ్వు పక్క మట్టల సందుల్లో మూడేసి నాఫ్తలీన్ గోళీలు పెట్టి ఇసుక కప్పించాం. నెలా పదిహేను రోజులకోసారి మార్చాలి. ఎరువు చెట్టుకి ఏడాదికి యూరియా కిలో, సూపర్ ఫాస్ఫేట్ రెండు కిలోలు, పొటాష్ రెండు కిలోలు. రెండు భాగాలు చేసి తొలకరికి ఒకటి, వానలు తగ్గుముఖం పట్టాక ఒకటి. మొదట్లో కుప్ప పోయకుండా ఆరడుగుల దూరం దాకా పళ్ళెం చేసి చల్లాలి.

నాలుగోది గోడ పక్కది. ఎక్కడానికి పూర్వం ఎవరో కాండం పొడుగునా గాట్లు పెట్టారు. ఒక గాటు నుంచి ఎర్రటి జిగురు కారుతోంది, నమిలిన పీచు బయటికి వచ్చింది, చెవి ఆనిస్తే లోపల కరకరమన్న చప్పుడు. ఎర్ర ముక్కు పురుగు. గాయం వాసనకే అది వస్తుంది. ఇంటి గోడకి నాలుగడుగుల దూరంలో లోపల గుల్లయిన చెట్టుని అక్టోబరు దాకా ఉంచడం నాకు ఇష్టం లేదు. సెప్టెంబరులోనే పైనుంచి ముక్కలుగా దింపించి, పురుగున్న భాగం చీల్చి కాల్పించాం. అప్పటి నుంచి ఆ ఇంట్లో కాయ దింపేవాళ్ళు ఎక్కే మిషన్‌తోనే ఎక్కాలి.

లానుకి మందంటూ కొట్టింది లేదు. వేరుపురుగుల మచ్చ తవ్వి చేత్తో ఏరి వేపపిండి కలిపాం. మరుసటి జూన్‌లో తొలకరి పడ్డ రాత్రుళ్ళు వేపకొమ్మలు దులిపి, రాలిన పెంకు పురుగులని సబ్బునీళ్ళ బకెట్లో వేశారు. పిల్లలకి అదో ఆటయింది. అదే నెలలో ముళ్ళ ఫోర్కుతో లాను అంతా జానెడుకొక పోటు పొడిపించి ముతక ఇసుక, ఎరువు పైన పోసి ఆ రంధ్రాల్లోకి చీపురుతో ఊడ్పించాం. కోత ఎత్తు రెండంగుళాలకి పెంచాం, ఒక్కసారికి మూడో వంతుకి మించి కోయకూడదని, తడి గడ్డి మీద మిషన్ ఎక్కించకూడదని మాలికి చెప్పాం. నీళ్ళు వేసవిలో కూడా రోజు విడిచి రోజు, పొద్దున్నే. సాయంత్రం తడిపిన ఆకు రాత్రంతా తడిగానే ఉండి బూజు తెగుళ్ళకి చోటిస్తుంది. యూరియా సెప్టెంబరు చివర్లో ఆపేసి మళ్ళీ ఫిబ్రవరి దాకా లేదు. తుంగని పీకితే లాభం లేదు, ఆకు తెగి గడ్డ లోపలే ఉండి మళ్ళీ లేస్తుంది. నేల తడిగా ఉన్నప్పుడు గడ్డతో సహా లేపాలి. ఇది ఇంకా తేలలేదు, తేలేలా కూడా లేదు.

ఇప్పటి సంగతి

2024 ఫిబ్రవరిలో మామిడికి పూత లేదు. రోడ్డు వైపు పెద్దకొమ్మ ఒకటి చిగురించకుండానే చచ్చింది, దాన్ని జూన్‌లో తీసేశాం. మిగతా భాగంలో ఆ వానాకాలం వచ్చిన ఆకు అరచేయి దాటి పొడుగొచ్చింది. 2025 జనవరిలో తూర్పు కొమ్మల మీద పూత కనిపించింది, కొన్ని కాయలు నిలిచాయి. చెట్టు గట్టెక్కిందని నేను ఇంకా చెప్పను. కుళ్ళిన బెరడు చుట్టుకొలతలో మూడో వంతు ఉంది, అది అంచుల నుంచి మూసుకుంటోంది గానీ ఆ పక్క వేర్లు ఎంత బతికున్నాయో గట్టి గాలి వస్తేనే తెలుస్తుంది. అందుకే రోడ్డు వైపు పోయిన బరువుకి సరిపడా ఇంటి వైపు కొమ్మల్లో కొంత భారం తగ్గించాం.

ఖర్చులో పెద్ద వాటా కూలిది, ఆ తర్వాత రాళ్ళూ పైపూ. మందుల ఖర్చు చెప్పుకోదగ్గది కాదు. మెరక వేసే ముందే చెట్టు చుట్టూ కొమ్మల నీడలో సగం దూరం వదిలి రాతి వరుస కట్టి, నీళ్ళు బయటికి పోయే పైపు పెట్టుకుని ఉంటే ఇందులో ముప్పాతిక పని తప్పేది. ఇదే మాట ఇప్పుడు పక్కింటాయనకి చెప్పాను. వాళ్ళ స్థలానికీ గ్రావెల్ తోలిస్తున్నారు, పెరట్లో పనసచెట్టు ఉంది. రాతి వరుసకి ఒప్పుకున్నారు, పైపు ఎటు తీయాలన్న దగ్గర ఇంకా తేలలేదు.

మాస్టారింట్లో ఈ సెప్టెంబరు రెండో వారానికి చేయాల్సినవి: కొబ్బరి మూడింటి ముదురు కాయలు దింపడం, గుంట అడుగున పైపు నోట్లో చేరిన ఆకు తీయడం, మామిడి గాయానికి ఇంకోసారి బోర్డో పేస్టు పూయడం.